ఎండ అలవాటున్న ఒళ్లు

జూలై 18, ఉదయం

ప్రియమైన అక్కకి,

ఈరోజు మొదటి వింత: చన్నీళ్ల కొళాయి తిప్పితే వేడినీళ్లు వచ్చాయి. అప్పటికి సూర్యుడు ఇంకా ఎదురింటి కప్పు కూడా దాటలేదు. అమ్మ కొళాయి కింద చెయ్యి పెట్టి చూసి, "కాచే పని తప్పిందిలే" అని స్నానానికి వెళ్లిపోయింది.

ఫోనులో నాలుగు వాక్యాలు చెప్పేలోపే నువ్వు "ఇంతకీ విషయమేంటే?" అంటావు. అందుకే ఈమెయిల్ రాస్తున్నాను. ఇది చలి కోసం కట్టుకున్న ఊరు. నా గదిలో ఫ్యాను తగిలించడానికి కొక్కెం కూడా లేదు. కిటికీ జానెడు తెరుచుకుని ఆగిపోతుంది. గోడలు పగలంతా వేడిని మింగి, రాత్రంతా నెమరేస్తున్నాయి. (ఈ వాక్యం నాకు బాగా నచ్చింది. నవ్వకు.)

ముసలివాళ్లూ పిల్లలూ బయటికి రావద్దని రేడియోలో పదేపదే చెబుతున్నారు. అమ్మకి తెలుగులో చెప్పాను. "పాపం, వీళ్లెప్పుడూ ఎండ చూడలేదే. మే నెల్లో, మిట్టమధ్యాహ్నం, రేకు బస్సులో నిలబడి టికెట్లు కొట్టినదాన్ని. ఇదీ ఒక ఎండేనా?" అంది. నిజమే కదా అనిపించింది.

ఎల్లుండి అమ్మ విమానం. ఊరు చూపించడానికి మిగిలింది ఈరోజే. పాత వంతెన, మ్యూజియం, పెద్ద కూడలి, చివర గడియారం గోపురం. ఏ రాయి దగ్గర ఏం చెప్పాలో రాత్రంతా చదువుకున్నాను. నిన్న ట్రాము ఎక్కితే అమ్మకి ఊళ్లో ఇంకేమీ కనబడలేదు. "కండక్టరే లేడేమిటే! ఎవడు కొన్నాడో, ఎవడు ఎగ్గొట్టాడో ఎవరు చూస్తారు?" అని దిగేదాకా ఒకటే గొణుగుడు.

నీకు ఏడో నెల. మెట్లు ఎక్కకు. సాయంత్రం వచ్చి అన్నీ వర్ణిస్తాను, తప్పించుకోలేవు.

నీ వాగుడుకాయ


జూలై 18, సాయంత్రం

ప్రియమైన వాగుడుకాయకి,

ఫోను ఎత్తడం లేదు. అందుకే నీ దారికే వచ్చి రాస్తున్నాను. మీకక్కడ ఇంకా మధ్యాహ్నమే కదా, దారిలోనైనా ఇది నీ కంటబడితే బాగుండును.

నువ్వు హాస్టళ్లలో పెరిగావు, నీకు తెలియదు. డ్యూటీ ఎక్కితే అమ్మ నీళ్లు తాగదు. దారిలో మగవాళ్లు బస్సు వెనక్కి వెళ్లొస్తారు. ఆడవాళ్లకి ఎక్కడుంది చోటు? డిపోలో ఆడ కండక్టర్లందరూ నేర్చుకున్న విద్య ఇది. పొద్దున కప్పు టీ, మళ్లీ డ్యూటీ దిగాక చెంబెడు నీళ్లు. ఈ ఉద్యోగంలో ఇన్నేళ్లూ అమ్మ ఇలాగే నెట్టుకొచ్చింది. ఇల్లు దాటిన ప్రతి రోజూ ఆవిడకి డ్యూటీయే, అది పెళ్లైనా సరే, ఆస్పత్రైనా సరే.

నువ్విస్తే సీసా తీసుకుంటుంది. నోటికి ఆనించి పెదాలు తడుపుకుని దించేస్తుంది. సీసా కాదు, గొంతు కదిలిందో లేదో చూడు. ముందు టాయిలెట్ ఎక్కడుందో చూపించు, ఆ తర్వాత నీళ్లివ్వు. ఆ వరసలో అయితేనే తాగుతుంది.

ఇది చదవగానే ఫోను చెయ్యి. వర్ణన అక్కర్లేదు.

అక్క


జూలై 20

ప్రియమైన అక్కకి,

ఆలస్యమైందని తిట్టకు. కంగారేమీ లేదు. అమ్మకి ఎండదెబ్బ కొంచెం తగిలింది. గ్లూకోజు ఎక్కిస్తున్నారు, రెండు మూడు రోజులు విశ్రాంతి కావాలన్నారు. టికెట్ మార్పించాను. గొంతు ఆరిపోయి ఉంది కాబట్టి ఫోనులో మాట్లాడలేకపోతోంది. నువ్వు ఊరికే చెయ్యకు.

ఆ రోజు సంగతి చెబుతాను, నవ్వుకుంటావు. వంతెన మీద తారు మెత్తబడి చెప్పు అంటుకుంటే, అమ్మ దాన్ని లాక్కుని, "మీ ఊరు నన్ను వదిలేలా లేదే" అంది. ఎండ వల్ల మ్యూజియం మూసేశారు. దాని నీడలో కాసేపు కూర్చున్నాం. నేను నా సీసా ఖాళీ చేసి ఇంకోటి కొన్నాను. అమ్మ తనది సంచిలో పెట్టుకుని, అప్పుడప్పుడూ తీసి నోటికి ఆనించుకుంటూనే ఉంది. నా చొక్కా పిండితే కారేటట్టుంది, అమ్మ నుదుటి మీద మాత్రం చుక్క చెమట లేదు. ఎండ అలవాటున్న ఒళ్లంటే ఇదీ అని మురిసిపోయాను.

గోపురం దగ్గర పెద్ద వరస. అమ్మ ఉన్నట్టుండి ఊరంతా వినబడేలా, "ముందుకు జరగండమ్మా, లోపల ఖాళీగా ఉంది! ఫుట్‌బోర్డు మీద ఎవరూ నిలబడొద్దు!" అని అరిచింది. భాష తెలియకపోయినా జనం నిజంగానే జరిగారు! నాకు నవ్వాగలేదు. ఆ తర్వాత కళ్లు తిరుగుతున్నాయంది, కూర్చుంది. అంతే.

నువ్వు వేళకి తిను.

నీ వాగుడుకాయ


జూలై 21

ఏమే,

ప్రియమైన అని రాయబుద్ధి కావడం లేదు.

అమ్మ డ్యూటీ మాట సరదాకి అనదు. చిన్నప్పుడు నేను ఇంట్లో "రైట్, రైట్" అని ఆడుకుంటే చెవి మెలిపెట్టింది. అమ్మ అలా అరిచిందంటే తను బస్సులోనే ఉన్నాననుకుంది. అప్పటికే ఆవిడకి తెలివి తప్పుతోంది. నువ్వు నవ్వావు.

జ్వరమొచ్చి మూలుగుతూ కూడా, పాలు పొంగుతున్నాయని మంచం మీంచి నన్ను కేకేసే మనిషి. గొంతు ఆరిందని మూడు రోజులు నోరు మూసుకుని ఉంటుందా? ఆ కథ వేరేవాళ్లకి చెప్పు.

కడుపుతో ఉన్నదాన్నని దాస్తున్నావు. తెలియకపోతే నాకు నిద్ర పడుతుందనుకున్నావా? పట్టడం లేదు. మీ బావ కూడా నా మొహం చూసి భయపడుతున్నారు. ఏం జరిగినా సరే, ఉన్నది ఉన్నట్టు రాయి. అమ్మ ఉందా?

అక్క


జూలై 22

ప్రియమైన అక్కకి,

అమ్మ ఉంది.

కూర్చోలేదు, పడిపోయింది. పట్టుకోబోతే ఒళ్లు పెనంలా కాలింది. వరసలో వాళ్లు గొడుగులు పట్టారు. ఎవరో పరుగెత్తుకెళ్లి బకెట్‌తో నీళ్లు తెచ్చి చీర తడిపారు. అంబులెన్సులో వచ్చినావిడ అమ్మ సంచి నా చేతికిచ్చింది. సీసా మెడ దాకా నిండుగానే ఉంది. నీ ఉత్తరం నేను ఆస్పత్రి వరండాలో చదివాను.

ఒళ్లంతా ఐసు సంచులు పేర్చి వేడి దించారు. కానీ కిడ్నీలు పని చెయ్యడం లేదు, రక్తం యంత్రంలో పెట్టి శుభ్రం చేస్తున్నారు. ఊపిరి కోసం గొంతులో గొట్టం వేశారు. అది ఉన్నంతసేపూ మత్తులోనే ఉంచుతారు. అందుకే అమ్మ మాట్లాడలేదు. మొన్న గొంతు ఆరిందని రాసినప్పుడు అమ్మ మంచం పక్కనే కూర్చుని ఉన్నాను.

ఈ వార్డులో ఇంకా చాలామంది ఉన్నారు, అందరూ ముసలివాళ్లే. పక్క మంచం నిన్న ఖాళీ అయింది. దుప్పటి మార్చి గంటలో ఇంకొకరిని తెచ్చారు. ఏమైందని నేను అడగలేదు.

ఈ మధ్యాహ్నం డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఊపిరి తనంతట తాను తీసుకుంటోందట. అదొక్కటే మంచి మాట. మెదడుకి ఎంత దెబ్బ తగిలిందో లేచాకే తెలుస్తుందట. మనల్ని గుర్తుపట్టొచ్చు, పట్టకపోవచ్చు. మాట రావచ్చు, రాకపోవచ్చు. నేను రెండుసార్లు అడిగాను. రెండోసారీ అదే చెప్పింది.

నీతో అబద్ధమాడాను. నీకేమైనా అయితే అమ్మకీ బావకీ సమాధానం చెప్పుకోవాలని భయపడ్డాను. ఇక దాచను. అమ్మకి మెలకువ వచ్చేటప్పుడు తెలిసిన గొంతు వినబడితే మంచిదని నర్సు అంటోంది. ఏడుపు గొంతుతో వద్దు. ఇంట్లో పంచదార డబ్బా మూత పెట్టలేదని నువ్వు అమ్మతో పోట్లాడతావు చూడు, ఆ గొంతుతో మాట్లాడు.

రేపు ఉదయం ఎనిమిదింటికి మత్తు ఆపి, గొట్టం తీస్తారు. దానికి ముందే నీకు ఫోను చేసి, అమ్మ చెవి దగ్గర పెడతాను. నువ్వు మంచం మీద కూర్చునే ఎత్తు, బావని పక్కన ఉండమను. ఇన్ని రోజులూ నేను పిలుస్తూనే ఉన్నాను. రేపు నువ్వు పిలువు.

నీ చెల్లి