అద్దాల ఇంట్లో వంకర గోడ

చిరంజీవి బుల్లెమ్మకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం, నా మోకాళ్ళు క్షేమం, ఇల్లు మాత్రం క్షేమం కాదు. అక్కడ నువ్వూ అల్లుడుగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే నేను నాలుగు మాటలు అనేలోపు నువ్వు నలభై అంటావు. ఉత్తరానికి అడ్డొచ్చే నోరు లేదు కాబట్టి రాస్తున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మందులు వేసుకుంటున్నాను. స్లాబు ఇంకా కారుతోంది. పుస్తకాల్లో అంతా మెచ్చుకున్న ఆ చదును కప్పు కింద ఎప్పటిలాగే బకెట్ పెట్టాను. నువ్వు పంపిన వీడియో కళాకారుడు వచ్చాడు. వచ్చాడనడం తక్కువ, మనుషులతో, పెట్టెలతో, వైర్ల చుట్టలతో దిగబడ్డాడు. ఆర్కిటెక్ట్‌గా మీ నాన్న బతుకంతా, కట్టిన ఇళ్ళన్నీ తెరల మీద చూపిస్తాడట. అదీ ఆయన కట్టిన మన అద్దాల ఇంట్లోనే, జనం గదుల్లో తిరుగుతూ చూసేలాగా. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవకూడదంటారు. కానీ బుల్లెమ్మా, తల నాది, పెట్టింది నువ్వు.

వచ్చీరాగానే ఆ తెరల బాబు కర్టెన్లు ఊడదీయించాడు.

"ఆంటీ, ఇవి సార్ డిజైన్‌లో లేవు కదా" అన్నాడు.

"సార్ డిజైన్‌లో ఎండ కూడా లేదు నాయనా. అయినా రోజూ వస్తోంది" అన్నాను.

విసుగుతో అన్న ఆ మాటని రికార్డు చేసుకుని, ఇప్పుడు తెర పక్కన తగిలించిన ఇయర్‌ఫోన్లలో వినిపిస్తున్నాడు. అందులో ఏదో లోతు ఉందట. కారే కప్పునీ వదల్లేదు. బకెట్‌లో చుక్కలు పడుతుంటే గంటలకొద్దీ తీసి, దానికో తెర కేటాయించాడు. మీ నాన్నతో ఇన్నేళ్ళు కాపురం చేసిన నాకు తెర లేదు గానీ బకెట్‌కి ఉంది.

తప్పు, నాకూ ఒకటుంది. హాల్లో ఉన్న గోడ దగ్గర పెట్టాడు. "గోడల్లేని ఇంటిని కలగన్న మనిషి ఇంట్లో, ఆ కల అర్థం కాని భార్య కట్టించిన గోడ" అని ఒక గంభీరమైన గొంతు చెబుతుంటుంది. వచ్చినవాళ్ళు ముందు గోడని చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు. నేను వాళ్ళకి టీ ఇస్తాను.

"నేలమీద రాళ్ళ వరసలు ఒకవైపు పోతే ఈ గోడ ఇంకోవైపు పోతోంది. ఇంత వంకరగా ఎవరు కట్టించారాంటీ?" అని అడిగాడు తెరల బాబు మొదటిరోజే.

"నేనే" అన్నాను.

ప్రదర్శన చివరిరోజున అందరి ముందూ ఆ గోడ పగలగొట్టి, ఇల్లు మళ్ళీ సార్ ఇల్లయిందని వీడియో తీస్తాడట. నువ్వు సరేనన్నావట. నీ ఉత్తరంలో కూడా "గోడ తీసేస్తే నీకేంటమ్మా" అని రాశావు. నాకేంటో ఇప్పుడు చెబుతాను. కానీ ముందు మొన్న సాయంత్రం సంగతి విను.

మీ నాన్న మొహాన్ని పెద్దగా ఇంటి మీదే పడేలా చేద్దామని అతని ఆలోచన. ప్రొజెక్టర్ వేశాడు. అద్దం మీద బొమ్మ నిలుస్తుందా? మీ నాన్న మొహం అద్దంలోంచి బయటికి పోయి పక్కింటి ప్రహరీ మీద పడింది. పక్కింటావిడ తలుపు వేసుకుంది. ప్రొజెక్టర్‌ని ఎన్ని మూలలకి తిప్పినా అదే వరస. చివరికి వేరే దారి లేక నా గోడ మీదికి తిప్పాడు. మీ నాన్న నిలబడ్డారు. తెరల బాబు నోరు వెళ్ళబెట్టాడు.

"ఈ గోడ భలే పనికొచ్చిందాంటీ. చివరిరోజు దాకా ఉంచుదాం" అన్నాడు, నాకేదో వరమిస్తున్నట్టు.

ఇక అసలు మాట. ఆ గోడ నేను కట్టించలేదు బుల్లెమ్మా. మీ నాన్నే కట్టించారు.

ఆయన మంచం పట్టాక మెట్లెక్కలేక మంచం హాల్లోకి దించాం, గుర్తుందిగా. నువ్వు వచ్చి చూసి వెళ్ళాక ఆరోగ్యం ఇంకా దిగజారింది. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు ఇల్లు చూడ్డానికి వస్తూనే ఉండేవాళ్ళు. అద్దం బయట నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్ళు. లోపల నేను దుప్పటి అడ్డం పెట్టి ఆయనకి బట్టలు మార్చేదాన్ని. ఒకరోజు కళ్ళు మూసుకుని, "నాకో గోడ కావాలి" అన్నారు. జ్వరంలో కలవరిస్తున్నారనుకున్నాను.

మేస్త్రీ వచ్చేలోపు నాచేత సుద్దముక్కతో నేలమీద గీత గీయించారు. మంచం మీంచే చెయ్యి చూపిస్తూ, "కొంచెం ఇటు. ఇంకొంచెం. అదీ" అన్నారు.

"వంకర పోతోందండీ" అన్నాను.

"పోనీ. తిన్నగా కడితే నీ పొయ్యి కూడా మరుగున పడుతుంది. నేనెవరికీ కనబడకూడదు. నువ్వు మాత్రం నాకు కనబడాలి."

గోడ లేచాక నాచేత ఒట్టు వేయించుకున్నారు. "బయటివాళ్ళు ఎవరడిగినా నువ్వే కట్టించావని చెప్పు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన పేరు నిలబడ్డానికి చివరికి నా తెలివితక్కువతనమే కావలసి వచ్చింది. ఆ మంట ఇప్పటికీ ఆరలేదు, అబద్ధమెందుకు. కానీ ఆయన పోయేదాకా ఆ కొద్ది నెలలూ పొయ్యి దగ్గర ఎప్పుడు తలెత్తినా ఆయన నన్నే చూస్తూ ఉండేవారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఊళ్ళవాళ్ళ ఇళ్ళు చూసుకుంటూ తిరిగిన మనిషి నన్నంతగా ఎప్పుడు చూశారని? నాకా చూపు కావాలి.

కాబట్టి నువ్వు తెరల బాబుకి ఫోన్ చేసి గోడ జోలికి పోవద్దని చెప్పు. కారణం అడిగితే మా అమ్మ మొండిది, వినడం లేదని చెప్పు. అసలు కారణం మాత్రం చెప్పకు. ఒట్టు బయటివాళ్ళ గురించి. నువ్వు బయటిదానివి కాదు కాబట్టి రాశాను.

నిన్న సాయంత్రం అతను మళ్ళీ ప్రొజెక్టర్ వేసి, వైరు కోసం బయటికెళ్ళాడు. నేను టీ పెడుతూ తలెత్తాను. గోడ మీంచి మీ నాన్న నన్నే చూస్తున్నారు. టీ పొంగిపోయింది.

పిల్లలకి ముద్దులు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
వంకర గోడ కట్టించిన
మీ అమ్మ