చలికి పలకని బండి

డిసెంబరు 9, మంగళవారం

మళ్ళీ అదే. నాలుగున్నరకు తాళం తిప్పితే గుర్... గుర్... అంతే. ముసలెద్దు లేయలేక లేచినట్ల. ఏడోసారికి అంటుకునింది. వీధంతా తెల్లపొగ. నాగమణి ముందు సీట్లో రగ్గు కప్పుకోని కూచోనుండాది. హిందూపురం ఆస్పత్రికి చేరేసరికి ఆరుంబావు. "టైమంటే టైమే పెద్దాయనా. ఇంకొకర్ని ఎక్కిస్తాం మిషనుకు" — సిస్టరమ్మ. రక్తం కడిగే మిషను. మంగళ, గురు, శని, పొద్దున ఆరుకు. నా పెండ్లాం ప్రాణం ఆ మూడు పొద్దుల మీద నిలబడి ఉండాది. అది ఈ దరిద్రపు బండికి తెల్దు.

డిసెంబరు 10, బుధవారం

మధ్యాన్నం ఎండలో తిప్పినా. ఒక్క తిప్పుకే లేచింది దొంగముండ. ఏమీ ఎరగనట్ల.

ముప్పై ఏండ్లు డిపోలో బస్సులు బాగుచేసినోన్ని. శబ్దం వింటే చాలు జబ్బు చెప్తా అని ఎన్ని ఎచ్చులు పోయినా! డీజిల్ బండి చలికి లేయలేదంటే మొదట హీటరు ప్లగ్గులు చూడాల. ఇంజను లోపల వెచ్చజేసేటివి అవే. ఊడదీసి బ్యాటరీకి ఆనించినా. రెండు ఎర్రగా కాలినాయి, రెండు చచ్చినాయి. దొరికినావే! నాలుగూ కొత్తవి వేసినా. ఎన్నో దినాల తర్వాత కడుపునిండా తిన్నా.

డిసెంబరు 11, గురువారం

ప్లగ్గులు కాదు. తొమ్మిదోసారికి లేచింది. ఆలస్యానికి మిషను మీద ఒక గంట కోసేసినారు.

డిసెంబరు 12, శుక్రవారం

బాషా వచ్చినాడు మడకశిర నుంచి. డిపోలో కరెంటు పనంతా వానిదే, ఇరవై ఏండ్లు నా పక్కన. మీటరు పెట్టి చూసినాడు. "బ్యాటరీ గుర్రం మాదిరి ఉండాదన్నా. ఇంజను తిప్పే సెల్ఫు మోటరు ఊడదీద్దాం." ఊడదీసినాం. దానికీ రోగం లేదు. డీజిల్ ఫిల్టరు మార్చినా. దాంట్లోనూ ఏమీ లేదు. ఇంజను నుంచి బాడీకి పోయే ఎర్తు పట్టీ కాడ వాడు చేయి పెట్టబోతే నాగమణి గడపలోనుంచి కేకేసింది — "అది తుడవద్దు బాషా! నవమికి నేను పెట్టిన పూజ!" "తప్పు తప్పు వదినా..." వాడు చేయి వెనక్కి తీసుకున్నాడు. నిజమే, ఆయుధపూజ పసుపూ కుంకుమా మళ్ళీ నవమి దాకా మా ఇండ్లలో తుడవరు. నేను డిపోలో ఒక్క బస్సుకూ తుడవనియ్యలేదు.

డిసెంబరు 13, శనివారం

లేయలేదు.

ఇరవై సార్లు తిప్పినా. ఇంజను మీద వేన్నీళ్ళు పోసినా. పక్కింటి గంగన్న, వాని తమ్ముడు తోసినారు. మా వీధేమో మిట్టకు. యాడ కదుల్తాది? ఆటో దొరికేసరికి ఏడు. ఫోన్లో సిస్టరమ్మ — "ఈ పొద్దు ఖాళీ లేదు, మంగళవారం రండి."

నాగమణి రగ్గు తీసి దండెం మీద వేసింది. "పోనీలేయ్యా." ఎండలో కూచోని చాటలో బియ్యం ఏరింది, గంగన్న పెండ్లాంతో నవ్వుకుంటా. నన్ను సముదాయించేదానికి నవ్వుతాందని అనుకున్నా. బానెట్టు మీద గుద్దినా. చేయి వాచింది.

డిసెంబరు 14, ఆదివారం

కాళ్ళు వాచినాయి ఆమెకు. వేలితో నొక్కితే గుంత అట్లే నిలబడింది.

డిసెంబరు 15, సోమవారం

పడుకుంటే ఊపిరాడదు. గోడకు ఆనుకోనే కునుకు. దేవుడా, ఆమె బదులు నన్ను తీసుకపోరాదా.

సాయంత్రం బండిని బడి కాడ మిట్ట మీద నిలబెట్టినా. రేపు దొర్లించైనా లేపుతా.

డిసెంబరు 16, మంగళవారం

దొర్లించి రెండో గేరులో వదిలితే లేచింది. టైముకు చేరినాం. డాక్టరు తిట్టినాడు — "ఇంకోసారి తప్పితే గుండె మీదికొస్తాది. మీ ఇష్టం."

లేపి ఇంటి కాడికి తెస్తే మా వీధి ఎక్కుడుకు చలి ఇంజను ఆగిపోతాదని ఆమెనే నడిపిస్తి. ఇంటి నుంచి మిట్ట దాకా ఆమె నడిచేదానికి ఇరవై నిమిషాలు. నాలుగు చోట్ల కూలబడింది. ఇట్ల ఎన్ని దినాలు?

డిసెంబరు 18, గురువారం

నడవలేననింది. ఇంటి ముందరే తిప్పినా. పదకొండు సార్లు. బానెట్టు ఎత్తి తడుముతాంటే ఎక్సలేటరు కేబులు చేతికి తగిలింది. చురుక్కుమనింది! అన్నీ చల్లగా కొయ్యబారి ఉంటే ఇదొక్కటి కాలడమేంది?

పదమూడోసారికి లేచింది. పోయినాం, వచ్చినాం. దోవ పొడుగునా అదే ఆలోచన. కరెంటు వాపసు పోయే దోవ మూసుకపోయి ఆ సన్నతీగె మీద పోతాండాది. అంటే ఎర్తు పట్టీ కాడ రోగం. చలికి ఇంజను ఆయిలు గట్టిపడితే కరెంటు ఎక్కువ కావాల... ఎండకు చాలింది, చలికి చాల్లేదు. ఓరి నీ... ఇంత చిన్న విషయం!

డిసెంబరు 19, శుక్రవారం

మధ్యాన్నం ఆమె కునుకు తీసినప్పుడు చూసినా. ఎర్తు బోల్టు మీద పసుపు ముద్ద, కుంకుమ, దారంతో కట్టిన నిమ్మచెక్క. "తప్పు కాయి స్వామీ" అనుకోని గీకినా. కింద పచ్చటి చిలుము. నిమ్మపులుసు దిగి పట్టీ పోగులన్నీ తినేసింది. పట్టుకుంటే పొడి రాలింది.

నవమి నాడు నిలబడలేక బండి రేకు పట్టుకోని పెట్టింది ఆమె. "నీ గుండెకాయ కాడ పెడతాండా, నన్ను దోవలో దించొద్దు" అని బండికి చెప్పింది. నేను పక్కనే ఉంటి. మెకానిక్కును! ఆడ నిమ్మకాయ వద్దే అని నోరు తెరిస్తే అయిపోయేది. మొక్కి నిలబడినా.

కొత్త పట్టీ వేసినా. పక్కన రేకు మీద పసుపూ కుంకుమా మళ్ళీ పెట్టినా. కునుకు నుంచి లేచినాక ఆమె అడిగింది — "ఏం దొరికింది?" "హీటరు ప్లగ్గు. కొత్తదీ కాలిపోయింది." ఇంజను గురించి నేను చెప్పిన మొదటి అబద్ధం.

డిసెంబరు 20, శనివారం

నాలుగున్నర. ఎముకలు కొరికే చలి. అర తిప్పుకే లేచింది! పొగ లేదు, దగ్గు లేదు. ఎగిరినంత పని చేసినా.

లోపలికి పోతే మంచం మీద అట్లే కూచోనుండాది. రగ్గు మడిచి పక్కన పెట్టుకోని.

"ఈ పొద్దు నేను రాను."

"బండి లేచింది మేయ్! వినపళ్ళేదా?"

"వినపడింది. అందుకే చెప్తాండా. అది లేయని పొద్దు నాకెంత సంతోషంగా ఉండెనో నీకు తెల్దు. ఒక్క పొద్దన్నా సూదులు లేకుండా పోయె కదా అనుకుంటి. చాలయ్యా. ఇంక వద్దు."

కాళ్ళు పట్టుకున్నా. వాపు ఇంకా తగ్గలేదు. తల నిమిరింది గానీ లేయలేదు.

ఐదైంది. ఆమె గోడ దిక్కు తిరిగి కూచునింది. నేను గడపలో కూచోని ఇది రాస్తాండా. బండి బయట ఆడతానే ఉండాది, ఎంత నున్నగా... ఐదుంబావుకు బయల్దేరినా ఆరుకు చేరతాం. పోయి తాళం తీసి దాన్ని ఆపేదానికి చేతులు రావడంలేదు.