పుట్టింటి వంతు

అనంతపురం

నాయనా,

ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదు. అందుకే రాస్తున్నాను. ఎట్లున్నావని అడిగే ముఖం కూడా నాకు లేదు.

నిన్న చెల్లెలు అంజలి అంతా చెప్పింది. బోరు ఎండిపోతే మన చీనీ తోటలో చెట్లన్నీ నువ్వే దగ్గరుండి కొట్టించినావంట. ఊళ్లో ఎవరో నన్ను తిడితే, "ఏమప్పా, నా కూతురు న్యాయంగానే చేసింది" అని వాళ్ల మీదికి పోయినావంట.  నేను న్యాయం చేయలేదు నాయనా.

కాలువ నీళ్ల మీటింగులో ఇంజనీర్లు చెరువులకు వంతులు రాసుకొచ్చినారు. మన ఊరు రెండోది. అది సరైనదే, మన చెరువు ఎప్పుడో అడుగంటింది. అప్పుడు ఎదుటి పార్టీ సురేంద్ర లేచి, "ఎమ్మెల్యే మేడమ్ పుట్టిల్లు కదా, నీళ్లు దోవ అడక్కుండానే పోతాయిలే!" అన్నాడు. అందరూ నవ్వినారు. నా ఒళ్లు మండిపోయింది. ఎవరూ అడగకముందే మైకు తీసుకొని, "మా నాయన ఊరు అందరికంటే చివర" అన్నాను. హాలంతా చప్పట్లు. మరుసటి రోజు పేపర్లలో నా ఫొటో. నీకు అబద్ధం చెప్పను, అది చూసి మురిసిపోయినాను కూడా. మన వంతు వచ్చేసరికి కాలువకు నీళ్లు రావడం ఆగిపోయింది; చెరువు నిండక బోర్లూ ఎండినాయి.

ఆడవాళ్ల రిజర్వేషన్ వచ్చి నన్ను సర్పంచికి నిలబడమన్నప్పుడు మీ అల్లుడు మల్లికార్జునే జంకినాడు. మొపెడ్ మీద ఎక్కించుకొని ఇల్లిల్లూ తిప్పింది నువ్వు. "తల దించుకోవద్దు, వాళ్ల కళ్లల్లోకి చూసి అడుగు" అన్నావు. జెడ్పీటీసీ అయినా, ఎమ్మెల్యే అయినా ఆ మాట పట్టుకొనే అయినాను. ఇప్పుడు మన తోటలో కాయలు కోసే కదిరమ్మ కళ్లల్లోకి ఎట్ల చూసేది? పనుల్లేక పిల్లల్ని తీసుకొని బెంగళూరుకు పోయిందంట కదా. బుక్కరాయసముద్రం మీదుగా పోయేటప్పుడు కాలువ నీళ్లతో నిండిన అక్కడి చెరువు చూడలేక తల తిప్పుకుంటున్నాను.

ఇంతవరకూ మల్లికార్జునకు కూడా చెప్పలేదు. వచ్చే ఎన్నికల్లో నేను పోటీ చేయను. ఆ కుర్చీకి నేను తగను. నన్ను క్షమించు నాయనా.

నీ బిడ్డ,
ఈశ్వరి

*

అమ్మా ఈశ్వరీ,

నీ జాబు అందింది. నేనొక్కడినే చదువుకోలేదు, అది ముందే చెప్తాండా. చావిడి కాడ అందర్నీ కూర్చోబెట్టి చదివినా. నీకు కోపమొస్తే రానీ. ఆ నీళ్లు నా ఒక్కడివి కాదు. నువ్వడిగిన మన్నింపూ నేనొక్కడినే ఇచ్చేది కాదు.

నలుగురిలో నిన్ను వెనకేసుకొచ్చినా గానీ, నాకూ లోపల కోపమే. చెట్లు కొట్టించిన నాటి నుంచి తోట దిక్కు పోలేదు. నువ్వు నోరు తెరిచి చెప్పినావు కాబట్టి నేనూ చెప్తాండా.

చదివి ముగించినానో లేదో, మన పక్క చేను ఎర్రిస్వామి లేచి, "పేరు కోసరం మా చెరువు ఎండబెట్టిందా?" అనేసి ఎళ్లిపోయినాడు. ఈసారి నేను నిన్ను వెనకేసుకురాలే. అత్తకు బాగలేదని కదిరమ్మ ఊర్లోకొచ్చి ఉండాది. అంతా విని ఆయమ్మ అన్నది: "పోటీ మానుకుంటే మళ్లా పేపర్లో ఏస్తారు, ఎంత గొప్పదో అని. మా చెరువు సంగతి ఎవరేస్తారు మామా?"

ఆ మాటకు జవాబు నువ్వే వచ్చి ఆయమ్మకు చెప్పు. కార్లూ, ఎంట మనుషులూ వద్దు. బస్సెక్కి రా.

మీటింగు మళ్లా పెట్టించు. మా వంతు ఎందుకు చివరికి నెట్టినావో ఆ సురేంద్ర ముందరే చెప్పి, వచ్చే ఏటికి తిరిగి రాయించు. పుట్టింటికి దోచిపెట్టిందని అంటాడు. అననీ, పడు. పోటీ మాత్రం మానొద్దు. నిన్ను గెలిపించినోళ్లం మేము. ఓడించాలనుకుంటే మేమే ఓడిస్తాం. నీళ్లు ఎట్లాగూ తీసుకుంటివి, ఆ పని కూడా మా చేతుల్లోంచి తీసుకోవద్దు తల్లీ.

మీ నాయన,
చిన్నప్ప