నా రిపోర్టు నా చేతికివ్వు

మారేడ్‌పల్లి, జూన్ 9

ప్రియమైన కలీముల్లా,

నువ్వు దొంగవి. నా రొమ్ములోంచి తీసిన ముక్క మీద వచ్చిన రిపోర్టును నాకు చూపకుండా దాచావు. "కొవ్వు గడ్డే ఆపా, గోలీలతోని కరుగుతది" అన్నావు. ఇవాళ నేనే ల్యాబుకు వెళ్తే కౌంటర్లో ఓంప్రకాశ్ ముఖం తెల్లబోయింది. "మీ తమ్ముడు మే ఇరవైకే తీస్కపోయిండు కద మేడమ్!"

ఇరవై రోజులు! క్యాన్సరని నకలు కాగితం మీద చదువుకున్నాను, ల్యాబు మెట్ల మీద కూర్చుని. ఆడమనిషి జబ్బు ఆమెకు తప్ప ఇంటిల్లిపాదికీ తెలిసే ఈ ఆచారం ప్రేమ కాదు, పెత్తనం. ముప్పై ఏళ్లుగా సభల్లో గొంతు చించుకున్నది దీని మీదే. చివరికి నా తమ్ముడే!

ఫోన్ ఎత్తను. జవాబు కాగితం మీద పెట్టు.

నీ ఆపా,
సబీహా

మోండా మార్కెట్, జూన్ 11

ప్రియమైన ఆపా, సలాం.

తిట్టు, తప్పులేదు. రిపోర్టుల గ్రేడ్ 3 అని ఉండె. మూడో స్టేజీ, ఇగ అయిపోయిందనుకున్న. దుకాణం షట్టర్ దించి ఏడ్చిన.

కానీ ఆపా, గీ దాచుడు నాకు నేర్పిందెవరు? పన్నెండేండ్ల కింద అమ్మీకి కడుపుల క్యాన్సరన్న రిపోర్టు తెచ్చింది నువ్వే. "అల్సరని చెప్పు, నోరు తెరిచినవంటే చంపుత" అన్నవ్. తగ్గుతదని అమ్మీ ఏడు నెలలు సప్పిడి బువ్వ తిన్నది. పోయే ముందురోజు సుత అడిగింది, "మామిడికాయ తొక్కు ఎప్పుడు తినొచ్చు బేటా" అని. ఈ మాట ఇన్నేండ్లు ఎవ్వరికీ చెప్పలే.

నీ తమ్ముడు,
కలీం

మారేడ్‌పల్లి, జూన్ 16

ప్రియమైన కలీమూ,

నాలుగు రోజులు నీకు ఎదురువాదన రాశాను, చించాను. మొదటి దొంగను నేనే.

రిపోర్టు రాసిన డాక్టర్ ప్రేమమణిని కలిశాను. గ్రేడ్ అంటే మైక్రోస్కోపులో కణాలు ఎంత వికారంగా ఉన్నాయో చెప్పేది. స్టేజీ అంటే జబ్బు ఒంట్లో ఎంత దూరం పాకిందో. ఆ రెండోది స్కానింగులు తేల్చాలి. ఇంకా ఎవరికీ తెలియదు. కానీ మూడో గ్రేడ్ తొందరగా పెరుగుతుందట. నువ్వు దాచిన ఇరవై రోజులు చిన్నవి కావు. దెబ్బలాడే తీరిక లేదు గనుక, నా డిమాండ్లు:

ఒకటి. అసలు రిపోర్టు రేపటికల్లా నా చేతికి రావాలి.

రెండు. గురువారం స్కానింగుకు నువ్వు నా పక్కన ఉండాలి. డాక్టరు మాత్రం నాతోనే మాట్లాడాలి.

మూడు. నేను భయపడతాను. పడనివ్వు.

నాలుగు. వచ్చేటప్పుడు మామిడికాయ తొక్కు తేవాలి.

ఐదు. అమ్మీ రిపోర్టు నా బీరువాలోనే ఉంది. ఇద్దరం కూర్చుని, అమ్మీ పేరు దగ్గర్నుంచి చివరి పంక్తి దాకా, పైకి చదవాలి.

సబీహా