మావిస్ చదివి వినిపించిన ఉత్తరం

వారంబీ కౌన్సిల్ కట్టడాల అనుమతుల అధికారి గారి సముఖమునకు,
ఇన్లెట్ రోడ్డు చివర ఏడెకరాల అడవి ముక్క యజమాని లెస్ పెంగెలీ, వయసు డెబ్బై ఎనిమిది, రాసుకున్న అర్జీ. మే 4.

అయ్యా,

విషయం: మే పదిహేనో తేదీలోగా కారవాన్ తీసివేయవలెనన్న తమ ఉత్తర్వు నిలుపుదల చేయుట గురించి.

1. నేను నలభై రెండేళ్లు అడవిలో చెట్లు కొట్టి బతికినవాడిని. చదువు అంతంత మాత్రం. చెట్టును తడితే లోపల డొల్లో కాదో చెప్పగలను, కాగితం చూస్తే చెప్పలేను. ఈ ముక్కను చెట్లు చూసే కొన్నాను. ఇంటికి కావలసిన దూలాలు, పలకలు అక్కడే నిలబడి ఉన్నాయి, కోసుకోవడమే అనుకున్నాను. మిట్టెక్కితే సముద్రం వినపడుతుంది. టౌన్లో ఇల్లు అమ్మేసి వచ్చాం. తిరిగి పోవడానికి మాకు వేరే కప్పు లేదని మనవి.

2. తమ శాఖ నుంచి అడవి మంటలు చూసే అధికారి వచ్చి, ఇంటి చుట్టూ యాభై మీటర్ల మేర చెట్టన్నది ఉండరాదన్నాడు. తర్వాతి వారం తమ శాఖ నుంచే చెట్ల అధికారి వచ్చి, ఇవి నల్ల కాకతువ్వ చిలకలు గూడు పెట్టే చెట్లు, కొమ్మ విరిచినా జరిమానా అన్నాడు. మీరిద్దరూ ఒకే కారులో వచ్చి ఉంటే దారిలోనే తేల్చుకునేవాళ్లు కదయ్యా అన్నాను. "మావి వేరు వేరు విభాగాలు తాతా" అన్నాడు. ఇద్దరి మాటా నెగ్గాలంటే ఇల్లు ఆకాశంలో కట్టాలి.

3. ఇల్లు లేచేదాకా కారవాన్‌లో, అదే చక్రాల మీది డబ్బా ఇంట్లో ఉంటున్నాం. నా భార్య మావిస్‌కు ఊపిరితిత్తులు పాడైనవి. వచ్చే వేసవి చూడటం కష్టమని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. టౌన్లో రాత్రంతా కూర్చునే కునికేది. ఇక్కడ పడుకుని నిద్రపోతోంది. దీనికి సర్టిఫికెట్ లేదు, అయినా నిజం.

4. తమ ఉత్తరాలన్నీ మావిసే నాకు చదివి వినిపిస్తుంది. మార్చిలో ఒకటి వచ్చింది. నేను పునాది గుర్తులకు గుంజలు పాతుతూ, ఈల వేసుకుంటూ ఉన్నాను. పక్కన నిలబడి చదివింది. "మీ ప్లాను బాగున్నది, కొంచెం ఓపిక పట్టగలరు" అని ఉంది అందులో. కౌన్సిల్ వారు అంత మర్యాదగా రాశారంటే నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

5. పన్నెండు రోజుల కింద తమ ఇన్స్పెక్టరమ్మ వచ్చింది. అప్పుడు మావిస్ టపా పెట్టె దాకా నడవడానికి వెళ్లి ఉంది, డాక్టరు నడవమన్నాడు.

"డబ్బా ఇంకా కదల్లేదేంటి పెద్దాయనా? మార్చిలోనే ఉత్తరం పంపించాం. చదువుకోలేదా?"

"చదివించుకున్నాను" అన్నాను.

ఆ పిల్ల తన దగ్గరున్న నకలు తీసి చదివింది. తేదీ అదే, అడుగున ముద్ర అదే. మధ్యలో మాటలే వేరు. ప్లాను తిరస్కరించడమైనది, కారవాన్ తీసివేయవలెను, లేనియెడల కౌన్సిల్ వారే ఈడ్చుకుపోదురు అని ఉంది.

దారిలో మావిస్ ఎదురైతే చెట్లు చూడటానికి వచ్చానని చెప్పమన్నాను. చెప్పిందట. మంచి పిల్ల, ఆమెను ఏమీ అనకండి.

నాకు తెలిసిపోయిందని మావిస్‌కు చెప్పలేదు. ఈల మానలేదు. ఇంకో రెండు గుంజలు కూడా పాతాను.

ఈ అర్జీ ఆమె మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు ట్రక్కులో కూర్చుని తొమ్మిది రోజులుగా రాస్తున్నాను. పెద్ద మాటలు పోస్టాఫీసు ఆవిడను అడిగి వేసుకున్నవి.

కావున, ఇల్లు కట్టనివ్వకపోయినా పోనీయండి. ఆమె ఉన్నన్నాళ్లు కారవాన్‌ను అక్కడే ఉండనివ్వండి. తర్వాత నేనే నా ట్రక్కుకు తగిలించి గేటు బయట పెడతాను, తమకు ఈడ్చే పని ఉండదు. నేను ఎవరినీ ఏదీ అడిగినవాడిని కాదు. అడగడం రాదు. ఇదే అడగడం అనుకోండి.

ఒప్పుకుంటే టపాలో వేయండి. ఆమె ఉన్నదున్నట్టు చదవగల ఉత్తరం ఒక్కటైనా రావాలి.

ఇంతే, చిత్తగించవలెను. కింద విధేయుడు అని రాయాలట. ఇంతవరకు ఎవరికీ రాయలేదు, తమకు రాస్తున్నాను.

తమ విధేయుడు,
లెస్ పెంగెలీ

తా.క. కాదనేటట్టయితే టపాలో వేయకండి. ఆ ఇన్స్పెక్టర్ పిల్లను గేటు దగ్గరికి పంపండి, నాకు నోటితో చెప్పిపోతుంది. ఇంకో ఉత్తరాన్ని మంచిగా మార్చి చదవడానికి మావిస్‌కు ఇప్పుడు ఊపిరి చాలదు.