ఎనిమిదో దెబ్బ

ప్రియమైన పళ్ల మేస్త్రీ,

కులాసాయేనా? నీ ల్యాబులో ఆరబెట్టిన కట్టుడు పళ్ల సెట్లన్నీ నిన్ను చూసి ఇంకా ఇకిలిస్తూనే ఉన్నాయా?

ఇక్కడ నేను రికార్డుల కింద మునిగిపోయాను. మా పేపర్ ఆదివారం పేజీలో నా ‘కొత్త విడుదలలు’ శీర్షిక కోసం ఈ వారం పదకొండు వచ్చిపడ్డాయి. అన్నీ మినిమల్, మెలోడిక్ ఎలక్ట్రానిక్ రకాలే. మా ఎడిటర్‌ది మళ్లీ అదే ప్రశ్న. “మినిమల్ అంటే ఏంటండీ, వాయిద్యాలు దొరక్కపోతే చేసేదా?” అక్కర్లేనిదంతా తీసేశాక కూడా మన కాలు ఆడుతోందంటే అది మినిమల్, దాని మీద మనసు లాగే రాగం ఒక్కటి తెచ్చి కూర్చోబెడితే మెలోడిక్ అని చెప్పాను. ఆయన తల ఊపాడు. ఆయన దేనికైనా తల ఊపుతాడు.

ఒకదాంట్లో పదకొండు నిమిషాల పాటు ఏమీ మారదు. లేచి బట్టలు ఉతుక్కుని వచ్చాను, ఇంకా అక్కడే ఉంది. అయినా ఆపబుద్ధి కాలేదు సుమా. ఇంకొకాయనకు మంచి రాగం తట్టింది గానీ దాని మీద నమ్మకం లేదు పాపం. వాన చప్పుడు, పక్షులు, వయొలిన్లు, అన్నీ దాని నెత్తిన పెట్టాడు. చక్కటి పిల్ల మెడలో పది గొలుసులు దిగేసినట్టుంది.

తొమ్మిదోది మాత్రం నన్ను కూలేసింది. చేసినవాళ్ల పేరు ‘ఎక్స్‌టెన్షన్ నలభై’ అట. రికార్డు పేరు ‘లైన్‌లో ఉండండి’. నాలుగే పాటలు. అట్ట మీద బొమ్మ కూడా లేదు. రెండో పాటలో రాగం ఒక అడుగు వేసి, ఆగి, ఎవరైనా పిలుస్తారేమోనని చూసి, ఇంకో అడుగు వేస్తుంది. విని ఏడ్చానే. కాపీ నీకూ పంపుతున్నాను. విను.

నువ్వు సంగీతం మాటెత్తి పన్నెండేళ్లయింది. ఆ రోజు నీ కచేరీకి హాల్లో ఉన్నది పంతొమ్మిది మందే కావచ్చు, ఒక పాట తప్పిపోయి ఉండవచ్చు. దానికి మధ్యలో లేచి వెళ్లిపోయి, ఇక జన్మలో ముట్టనని కూర్చోవాలా? మనిద్దరిలో చెయ్యి నీది, చెవి నాది. ఆ చెయ్యి ఊళ్లోవాళ్ల దవడలకే అంకితమైపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఫోన్ చేస్తే మాట మార్చేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

నీ
చెవులపిల్లి


ప్రియమైన చెవులపిల్లీ,

అందింది. వినలేదు. వినను.

పని తెమలడం లేదు. ఈ వారం ఒక పెద్దాయన తన కొత్త పై పళ్లు చిన్నప్పటి ఫొటోలో ఉన్నట్టే కావాలని పట్టుబట్టాడు. ఫొటో చూస్తే ఆయనకు అప్పుడు నోరు మూసి ఉంది. అలాంటి మనుషుల మధ్య బతుకుతున్నాను, నాకు నీ రాగాల అడుగులు లెక్కపెట్టే తీరిక ఎక్కడిది?

మన హాస్టల్ రోజుల డ్రమ్ మెషీన్, ఆ పాత పెట్టె సంగతి అడుగుతావని తెలుసు. అటక మీద ఉంది. అక్కడే ఉండనీ. నాకు చేతకాదని నాకు తెలిసింది, పంతొమ్మిది మంది సాక్ష్యంతో సహా. పుండు మానింది, గెలకకు.

ఇంట్లో అందరూ బాగున్నారు. మా ఆయన ఎప్పటిలాగే, అడిగిన దానికి సగం జవాబు. అత్తగారు మధ్యాహ్నం నిద్ర మానేశారు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని గది తలుపు వేసుకుంటారు. ఏవో సీరియళ్లు చూస్తున్నట్టున్నారు. ఇల్లు మాత్రం ప్రశాంతంగా ఉంది, కాబట్టి నేనేమీ అడగలేదు.

ఒంటికి నూనె రాసుకుని తిరుగుతున్నాను, నీ మాటలు నాకు అంటవు.

నీ
పళ్ల మేస్త్రి


ప్రియమైన దొంగ మొహమా,

దొరికిపోయావ్!

మొదటి రోజు రాగానికి ఏడుస్తూ కూర్చుని తాళం లెక్కపెట్టలేదు. నిన్న నాలుగో పాట మళ్లీ పెట్టాను. మధ్యలో రాగం ఆగిపోయి ఉత్త డ్రమ్ములే మిగులుతాయి. లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు... ఏడు దెబ్బలు పడ్డాయి. ఎనిమిదో చోట ఖాళీ. మళ్లీ తొమ్మిది నుంచి పదహారు దాకా సలక్షణంగా పడ్డాయి. మళ్లీ మొదటికొస్తే మళ్లీ ఎనిమిది దగ్గర ఖాళీ!

దెబ్బకొకటి చొప్పున ఉన్న పదహారు బటన్లలో ఎనిమిదోది పలకని డ్రమ్ పెట్టె ఈ లోకంలో ఒక్కటే ఉంది. హాస్టల్లో దాని మీద కాఫీ ఒలకబోసింది నేనే. రెండు నెలలు నువ్వు నాతో మాట్లాడలేదు కూడా. ఆ గొయ్యి చుట్టూ తిరిగి వెళ్లే పాటలు మనం ఎన్ని కట్టాం! అది మన పెట్టేనే. పెట్టె నీ అటక మీద ఉంది. ఇంకా బుకాయిస్తావా? ‘నలభై’ ఎందుకో కూడా తెలిసింది. వచ్చే ఏడాది నీకు నలభై నిండుతాయి!

“వినలేదు, వినను” అట! ఎంత నంగనాచివే. ఉత్తరం చదువుకుని ఎంత నవ్వుకున్నానో. ఆఫీసులో కుర్చీలోంచి లేచి గంతులేశాను. ఎడిటర్ తల ఊపాడు.

పేజీ నిండా రాసేశాను. పళ్ల ల్యాబులో పనిచేసే నా స్నేహితురాలు పన్నెండేళ్ల మౌనం వదిలి మళ్లీ మొదలుపెట్టిందని, ఈ రికార్డు ఆవిడదేనని. పేరు వేయలేదులే, భయపడకు. ఆదివారం వస్తుంది. ఇది అందేసరికి అచ్చయిపోయి ఉంటుంది, ఆపడానికి నీకు వీలుండదు. కావాలనే ఆలస్యంగా పోస్ట్ చేస్తున్నాను.

ఆనందంతో పిచ్చెక్కిన
చెవులపిల్లి


ప్రియమైన చెవులపిల్లీ,

నీ ఉత్తరం సోమవారం అందింది. నీ వ్యాసం ఆదివారమే మా ఇంట్లో పడింది. ఏం చేశావో తెలుసా నువ్వు?

మా ఇంట్లో పేపర్ మొదట అత్తగారికి. ఆవిడ రిటైరయ్యేదాకా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు, ఏది చదివినా పైకి, స్పష్టంగా చదువుతారు. నేను రొట్టెకు వెన్న రాస్తున్నాను. ఆవిడ నీ వ్యాసం అందుకున్నారు. “పళ్ల ల్యాబులో పనిచేసే నా స్నేహితురాలు” దగ్గర ఆగి, “అమ్మాయ్, ఇది నువ్వేనా?” అన్నారు.

“నేనే, కానీ...” అన్నాను.

నిజం చెప్పనా? ఆ ‘కానీ’ తర్వాత నోరు మూసుకున్నాను. ఆవిడ చదువుతూ పోయారు. చెయ్యి గురించి, ఆ రాగం గురించి, ఇన్నేళ్లూ నువ్వు ఎదురుచూడటం గురించి. ఎవరిదో రికార్డు. అయినా కాదనబుద్ధి కాలేదే. ఒక్క నిమిషం అది నాదే అనుకున్నాను. ఎంత హాయిగా ఉండిందో! అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. నాకు చేతకాదని కాదు, నాకు కావాలని అప్పుడు తెలిసింది.

అత్తగారు పేపర్ మడిచారు. “బాగా చేశావు. నాలుగో పాటలో రాగం మధ్యలో ఎందుకు ఆపేశావమ్మా?” అన్నారు.

నేను ఆ పాట వింటేగా!

“నేనైతే చెయ్యి నొప్పెట్టి ఆపాను” అన్నారు ఆవిడ.

మా ఆయన కాఫీ ముక్కులోంచి వచ్చింది.

అత్తగారికి అటక సర్దుతుంటే పెట్టె కనిపించిందట. ప్లగ్గు పెడితే దీపాలు వెలిగాయట, తన పాత స్విచ్ బోర్డులా. అంతే, రోజూ మధ్యాహ్నం అదే పని. హెడ్‌ఫోన్లూ, రాగానికి చిన్న కీబోర్డూ కొన్నదీ, పాటలు రికార్డు కంపెనీకి పంపిందీ మా ఆయన. నలభై అనేది ఎక్స్ఛేంజిలో ఆవిడ సీటు నంబరు. నా ఏళ్లు కాదు, మహాతల్లీ! “నాకెందుకు చెప్పలేదు?” అని అడిగాను. “ఆ పెట్టె మాటెత్తితే నీ మొహం ముడుచుకుపోతుంది. నా సరదా కోసం నిన్ను బాధపెట్టడం దేనికనుకున్నాను” అన్నారు. నేను ఏడ్చాను. ఆవిడ నా ప్లేటులోంచి వెన్న రాసిన రొట్టె తీసుకుని తినేశారు.

తర్వాత గదిలోకి తీసుకెళ్లి నాలుగు పాటలూ వినిపించారు. నువ్వు రాసింది అక్షరాలా నిజం. ఆ రెండో పాట దగ్గర నాకూ ఏడుపు ఆగలేదు.

“వెంటనే రాసి సవరణ వేయిస్తానండీ” అన్నాను.

“వేయించు. నాది నాకు రావాల్సిందే. పేరొద్దు గానీ వయసు వెయ్యమను, అరవై తొమ్మిది. మా ఎక్స్ఛేంజి వాళ్లు కుళ్లుకు చావాలి” అన్నారు. మళ్లీ ఆవిడే, “కానీ పాపం ఆ పిల్ల అంతా అబద్ధమే రాసినట్టు చేయకు. నువ్వు మళ్లీ మొదలుపెట్టావని ఒక ముక్క రాసింది చూడు. ఆ ఒక్కటీ నిజం చెయ్యి” అన్నారు.

నాకు రాదన్నాను. ఆనాడు హాల్లోంచి పారిపోయిన కథంతా చెప్పాను. ఆవిడ ఏమీ ఓదార్చలేదు. “తప్పు లైను కలపని ఆపరేటరు ఎవరే? ‘క్షమించండి’ అని మళ్లీ కలుపుతాం. సీటు వదిలి పోతామా?” అని పెట్టె నా వైపు జరిపారు.

కాబట్టి చెవులపిల్లీ, సవరణ వెయ్యి, అరవై తొమ్మిది పెద్ద అక్షరాల్లో వెయ్యి. నీ మీద కోపంగా ఉందో, నిన్ను ముద్దుపెట్టుకోవాలని ఉందో ఇంకా తేల్చుకోలేదు.

నిన్న సాయంత్రం రెండు నిమిషాలు చేశాను. అస్సలు బాగా రాలేదు. అత్తగారు విని, ఆ మాటే అన్నారు. ఇవాళ మళ్లీ కూర్చుంటున్నాను, ఆవిడ పిలుస్తున్నారు, ఉంటాను.

నీ
పళ్ల మేస్త్రి