సుజాత రఫ్ కాగితాలు

సూరత్, ఆదివారం

సుజాతా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ విద్యార్థిని రేఖ వచ్చింది కనుక రాస్తున్నాను. నీ చివరి బీజగణిత సిద్ధాంతాన్ని అచ్చుకు పంపాలని ఆమె పట్టుదల.

"బాపమ్మా, మేడమ్ ఫెయిర్ కాపీల నడుమ రుజువులో ఒక మెట్టు లేదు. అది లేకుంటే ఎవరూ ఒప్పుకోరు. రఫ్ కాగితాలు జర ఇస్తరా?"

లెక్క తేలగానే రఫ్ చింపెయ్యమని చిన్నప్పుడు ఈ అమ్మే నిన్ను కొట్టి నేర్పింది. నువ్వు మాత్రం చీరల అట్టపెట్టెలో దాచుకున్నావు. నీ పదకొండోనాడు ఇల్లు సర్దుతూ వాటిని తీసేశాను.

"నేనే పాత కాగితాలు కొనే రద్దీవానికిచ్చిన బిడ్డా."

"కోయీ బాత్ నహీ, ఏం కాదు, ఆ మెట్టు మళ్ల చేస్తం," అంది. వెంటనే నీ బల్ల దగ్గర కూర్చుని తెల్లకాగితం తీసింది.

ఇక జరగాల్సినవి:
1. ప్రతి ఆదివారం రేఖ నీ బల్ల దగ్గరే కూర్చోవాలి.
2. అచ్చులో నీ పేరే ముందుండాలి.
3. ఆమె రాసి కొట్టేసిన ప్రతి కాగితాన్నీ నేను ఖాళీ అయిన ఆ అట్టపెట్టెలో దాచాలి.